ఆదాయపు పన్ను బిల్లులో ఒక్క లైను కోసం ఆరు నెలలు: నా అనుభవం

2024 జూలై మొదటి వారంలో మా పిన్ని బాత్‌రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుంటూరులోనే ఆపరేషన్ చేయించాం. ఆమెకు పిల్లలు లేరు, బాబాయి పోయి ఆరేళ్లయింది. తాడికొండ దగ్గర పొలం అమ్మితే వచ్చిన 40 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకుని, ఆ వడ్డీ మీదే బతుకుతోంది. ఏడాదికి 2 లక్షల 80 వేలు వస్తుంది. పన్ను పడేంత ఆదాయం కాదు. కానీ అంతకుముందు ఏడాది 15హెచ్ ఫారం (నాకు పన్ను పడదు, కోయవద్దని పెద్ద వయసువాళ్లు బ్యాంకుకు ఇచ్చే కాగితం) ఇవ్వడం మరచిపోవడంతో, బ్యాంకు వాళ్లు 10 శాతం లెక్కన 28 వేలు టీడీఎస్ (వడ్డీ ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) కోశారు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. దానికి గడువు జూలై 31. ఆ రోజు పిన్ని మంచం మీద పక్కకు కూడా తిరగలేని స్థితిలో ఉంది. గడువు సంగతి ఆమెకే కాదు, బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పదకొండేళ్లుగా రిటర్నులు వేస్తున్న నాకూ గుర్తు రాలేదు.

నవంబరులో పిన్ని కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టింది. అందులో డిపాజిట్ రసీదులు, పాన్ కార్డు, బ్యాంకు ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్ ఉన్నాయి. ఆ రాత్రే ఆలస్యపు రిటర్ను వేశాను. ఆదాయం పన్ను పరిధిలోకి రాదు కాబట్టి ఆలస్య రుసుము పడలేదు. 2025 జనవరి మొదటి వారంలో 28 వేలూ పిన్ని ఖాతాలో పడ్డాయి. ఇంటికొచ్చి కాలు కదిలించే వ్యాయామాలు చేయించిన అమ్మాయికి బాకీ ఉన్న డబ్బు అందులోంచే ఇచ్చాం.

ఇదంతా ముందు ఎందుకు చెప్పానంటే, సరిగ్గా నెలన్నర తర్వాత బిల్లులో ఆ లైను చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ 28 వేలే.

ఫిబ్రవరి 13, 2025, గురువారం. ఆదాయపు పన్ను బిల్లు, 2025ని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 1961 నుంచి ఉన్న చట్టాన్ని మొత్తంగా తీసేసి దాని స్థానంలో కొత్తది తెచ్చే బిల్లు. 622 పేజీలు, 23 అధ్యాయాలు, 536 క్లాజులు (బిల్లు చట్టమయ్యాక వీటినే సెక్షన్లు అంటారు). సాయంత్రానికల్లా పీడీఎఫ్ మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఉంది. మరునాడే బిల్లును 31 మంది ఎంపీలున్న సెలెక్ట్ కమిటీకి పంపారు. ఒడిశాలోని కేంద్రపడా ఎంపీ బైజయంత్ పండా గారు దానికి అధ్యక్షుడు. తర్వాతి సమావేశాల మొదటి రోజుకల్లా నివేదిక ఇవ్వాలన్నది షరతు.

కమిటీకి పంపారంటే బిల్లును పక్కన పడేశారని నేను అనుకున్నాను. మా సార్ నవ్వి, "లేదమ్మా, అసలు పని మొదలయ్యేది అక్కడే. సభలో ప్రతి క్లాజూ చదివే తీరిక ఎవరికుంటుంది? కమిటీ గదిలో అయితే క్లాజు క్లాజుకూ అధికారుల్ని కూర్చోబెట్టి అడుగుతారు. మనం చెప్పదలచుకున్నదేదైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి" అన్నారు. ఆఫీసులో నలుగురం అధ్యాయాలు పంచుకున్నాం. రిటర్నులు, రీఫండ్లు నా వంతుకు వచ్చాయి.

కంప్యూటర్ మీద చదివితే నా బుర్రకు ఎక్కదు. అరండల్‌పేటలో జిరాక్స్ షాపుకు వెళ్లి నా వాటా పేజీలే ప్రింట్ తీయించాను. వారం తిరక్కుండానే ఆ పద్ధతి పనికిరాదని తెలిసింది. ఒక క్లాజు ఇంకో క్లాజును చూడమంటుంది, అది ఇంకో అధ్యాయంలో ఉంటుంది. చివరికి మొత్తం బిల్లును రెండు వైపులా ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ వేయించాను. బైండింగుతో కలిపి 690 రూపాయలు అయింది. ఎవరైనా బిల్లు చదవాలనుకుంటే మొదటే మొత్తం తీయించుకోండి.

ఫిబ్రవరి 22, శనివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక క్లాజు 263 దగ్గర ఆగాను. ఎవరెవరు గడువు తేదీలోపు రిటర్ను వేయాలో చెప్పే క్లాజు అది. కంపెనీలు, ఆదాయం పరిమితి దాటినవాళ్లు... ఇలా ఒక జాబితా. అందులో తొమ్మిదో అంశం: రీఫండు కోరదలచుకున్న వ్యక్తి. అంతే, అర లైను. మొదటిసారి చదివినప్పుడు దాటిపోయాను. మళ్లీ వెనక్కి వచ్చి చదివాక అర్థమైంది. ఆలస్యపు రిటర్ను వేసుకోవచ్చని అదే క్లాజులో కింద ఉంది. కానీ రీఫండు కావాలనుకునేవాళ్లు మాత్రం గడువులోపే వేసి తీరాలి. అంటే, ఈ చట్టం ఒక ఏడాది ముందు ఉండి ఉంటే పిన్ని 28 వేలు పోయినట్టే.

నిద్ర పట్టలేదు. నేను తప్పుగా చదివానేమోనని పాత చట్టం తీసి పక్కపక్కన పెట్టుకుని చూశాను. పాత చట్టంలో ఆ జాబితాలో ఈ మాట లేదు. పన్ను పడకపోయినా టీడీఎస్ కోత పడి, గడువు దాటిపోయినవాళ్లకు ఉన్న తేలిక దారి ఆలస్యపు రిటర్నే. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో అలాంటివాళ్లు చాలామంది. రిటైరైనవాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు, గడువు ఎప్పుడో తెలియని చిన్న కాంట్రాక్టర్లు. వాళ్లలో ఎవరూ ఈ 622 పేజీలు చదవరు.

సోమవారం సార్‌కి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, పెట్టుకుని, రెండుసార్లు చదివారు. "నువ్వు చదివింది కరెక్టే. తర్వాత కమిషనర్ గారికి ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకునే దారి ఉంటుంది. కానీ మీ పిన్ని లాంటివాళ్లు ఆ కాగితాల వెంట తిరగగలరా? రాయి. కమిటీకి రాయి" అన్నారు.

రాయడానికి నెల పట్టింది. ఆశ్చర్యంగా ఉండొచ్చు, కానీ నిజం. మొదట రాసింది ఐదు పేజీలు. అందులో పిన్ని ఆపరేషన్, నా బాధ, ప్రభుత్వం పేదవాళ్ల గురించి ఆలోచించాలన్న మాటలు అన్నీ ఉన్నాయి. సార్ చదివి పక్కన పెట్టారు. "బాధ చదివి వాళ్లు అయ్యో అంటారమ్మా. అక్కడితో అయిపోతుంది. ఏ క్లాజు, ఏ అంశం, ఇప్పుడున్న చట్టంలో ఏముంది, కొత్తదానివల్ల ఎవరికి ఏ నష్టం, ఏ మాట తీసేస్తే సరిపోతుంది... ఈ వరసలో రాయి. చదివినవాడు నీ కాగితంలోంచి ఎత్తి నేరుగా నివేదికలో పెట్టుకునేలా ఉండాలి" అన్నారు. రెండోసారి మూడు పేజీలైంది. నాలుగోసారికి ఒకటిన్నర పేజీ. పిన్ని కథ మూడు వాక్యాలకు వచ్చింది: వయసు, టీడీఎస్ మొత్తం, గడువు రోజున ఎక్కడుందో. ఆ మూడు వాక్యాలూ తీసేయమని మాత్రం సార్ చెప్పలేదు.

మార్చి మధ్యలో, సలహాలు ఇవ్వవచ్చని ఆదాయపు పన్ను శాఖ ప్రకటించింది. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో పేరు, ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. నియమాలు, ఫారాల మీద సలహాలు అక్కడ రాస్తే, అవన్నీ కూర్చి సెలెక్ట్ కమిటీకి పంపుతామన్నారు. మార్చి 20న కూర్చున్నాను. అక్కడ నాలుగు శీర్షికలే ఉన్నాయి: భాషను సులభం చేయడం, వివాదాలు తగ్గించడం, పాటించాల్సిన నిబంధనల భారం తగ్గించడం, కాలం చెల్లిన నియమాలు, ఫారాలు గుర్తించడం. నాది వీటిలో ఏదీ సరిగ్గా కాదు. నేను అడిగేది నియమం గురించి కాదు, బిల్లులోని క్లాజు గురించి. మూడోదాని కింద పెట్టాను. ఓటీపీ రెండుసార్లు ఆలస్యంగా వచ్చి గడువు దాటిపోయింది, మూడోసారికి పంపగలిగాను.

అది సరైన చోటికి చేరుతుందో లేదోనని టెన్షన్. అందుకే మార్చి 24న హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి, అదే కాగితాన్ని సెలెక్ట్ కమిటీ పేరున, లోక్‌సభ సచివాలయం, పార్లమెంట్ హౌస్ అనెక్స్, న్యూఢిల్లీ చిరునామాకు స్పీడ్ పోస్టు చేశాను. 41 రూపాయలు. రోజుకు మూడుసార్లు ట్రాకింగ్ చూసేదాన్ని. 28వ తేదీ శుక్రవారం చేరినట్టు చూపించింది. ఆదివారం ఉగాది. పచ్చడి కలుపుతూ కూడా ఆ కవరును ఎవరు తెరిచి ఉంటారా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

తర్వాత ఎంపీ దగ్గరకు వెళ్లాలనిపించింది. మా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారు కేంద్రంలో సహాయ మంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు, వాళ్లు జవాబు చెప్పే వైపు ఉంటారని సార్ చెప్పేదాకా నాకు తెలియదు. అందుకని బంధువుల ద్వారా వేరే నియోజకవర్గం ఎంపీ గారి ఆఫీసుకు వెళ్లాను. బడ్జెట్ సమావేశాలు ఏప్రిల్ 4న ముగిశాయి కాబట్టి ఆయన ఊళ్లో దొరుకుతారని, 12వ తేదీ శనివారం పొద్దున్నే బయల్దేరాను. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. హాల్లో ఇళ్ల స్థలాలు, పింఛన్లు, బదిలీల కోసం వచ్చిన ముప్పై మంది దాకా ఉన్నారు. రెండున్నర గంటలు కూర్చున్నాక, అర్జెంటు పని పడి ఎంపీ గారు వెళ్లిపోయారని చెప్పారు.

26న మళ్లీ వెళ్లాను. ఈసారి ఆయన వ్యక్తిగత కార్యదర్శి పావుగంట సమయం ఇచ్చారు. ఆ పావుగంటలో నేర్చుకున్నది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. "మేడం, బిల్లుకు సవరణ ఏ ఎంపీ అయినా ఇవ్వొచ్చు. బిల్లు సభలో పరిశీలనకు వచ్చే రోజుకు కనీసం ఒక రోజు ముందు నోటీసు ఇవ్వాలి. కానీ సభలో ఓటుకు పెడితే ప్రతిపక్షం సవరణ దాదాపుగా వీగిపోతుంది, అధికార పక్షం ఎంపీ ఇవ్వడానికి వెనకాడతారు. కమిటీలో అయితే పార్టీ పక్కన పెట్టి మాట్లాడగలరు. లోపల జరిగేది టీవీలో రాదు కదా" అన్నారు. కమిటీ అధ్యక్షుడికి ఎంపీ గారి పేరుతో ఉత్తరం పంపడానికి ప్రయత్నిస్తామన్నారు. ఒకటిన్నర పేజీని ఒక్క పేజీ చేసి ఇమ్మన్నారు. అక్కడే కుర్చీలో కూర్చుని చేత్తో రాసి ఇచ్చాను. నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఉత్తరం వెళ్లిందో లేదో నాకు ఈరోజుకూ తెలియదు.

ఆ తర్వాత నిశ్శబ్దం. మే, జూన్, జూలైలో మూడు వారాలు. కమిటీ నుంచి జవాబు రాదు, అందినట్టు ఒక్క ముక్క కూడా రాదు. నివేదిక సభలో పెట్టేదాకా లోపల ఏం జరిగిందో బయటికి చెప్పకూడదు. ఇది ముందే తెలిసి ఉంటే నేను అంత కుంగిపోయేదాన్ని కాదు. ప్రతి రోజూ మెయిల్ తెరిచి చూసేదాన్ని. జూన్‌లో రిటర్నుల పని మొదలైంది. ఈసారి గడువును సెప్టెంబరు 15కి పొడిగించారు, అయినా అందరికంటే ముందు పిన్ని రిటర్ను వేసేశాను.

జూలై 21, సోమవారం. వర్షాకాల సమావేశాల మొదటి రోజు. సెలెక్ట్ కమిటీ నివేదికను లోక్‌సభలో పెట్టారు. 4,500 పేజీలకు పైగా ఉంది. ఆఫీసులో నెట్ నెమ్మది. రాత్రి ఇంటికొచ్చి ఫోన్‌లో దింపుకుంటే ఆ రోజు డేటా మొత్తం దానికే అయిపోయింది. వెతికే చోట 263 అని కొట్టాను. పేజీలు పేజీలుగా వచ్చాయి. పదకొండున్నర దాటాక దొరికింది.

పన్ను పరిధిలోకి రాకపోయినా టీడీఎస్ కోతకు గురైన చిన్నవాళ్ల గురించే కమిటీ రాసింది. కేవలం శిక్ష తప్పించుకోవడానికి రిటర్ను వేయాల్సిన పరిస్థితిని చట్టం కల్పించకూడదని, గడువు దాటాక రిటర్ను వేసినా రీఫండు ఇచ్చే వీలుండాలని, అందుకోసం ఆ తొమ్మిదో అంశాన్ని తీసేయాలని సిఫార్సు చేసింది. మూడుసార్లు చదివాను. మా ఆయన్ని లేపి చూపించాను. పొద్దున ఆరింటికే పిన్నికి ఫోన్ చేశాను. "నీ ఉత్తరం చూసే తీసేశారంటావా అమ్మాయ్?" అంది. అలా అనుకోవడం నాకూ ఇష్టమే. కానీ ఇదే విషయాన్ని ఆడిటర్లు, పత్రికలు దేశమంతా ఎత్తి చూపారు. ఎన్ని కాగితాలు అక్కడికి చేరాయో, వాటిలో నాది ఎవరైనా చదివారో లేదో చెప్పలేను. పిన్నికీ అదే చెప్పాను.

ఆ నివేదిక చదువుతుంటే నన్ను కదిలించినది ఇంకొకటుంది. చాలాచోట్ల ఒక పద్ధతి కనిపిస్తుంది: బయటివాళ్లు ఏమన్నారు, దానికి ఆర్థిక శాఖ ఏం జవాబిచ్చింది, చివరికి కమిటీ ఏమనుకుంది. బిల్లు రాసిన శాఖ అధికారులే వచ్చి, ఎందుకిలా రాశారో ఎంపీలకు చెప్పుకోవాలి. కొన్నిచోట్ల ఇది టైపింగ్ పొరపాటు, సరిచేస్తామని ఒప్పుకున్నారు. కొన్నిచోట్ల మార్చబోమని కారణం చెప్పారు. ప్రభుత్వాన్ని పార్లమెంటు జవాబు అడగడమంటే టీవీలో కేకలు వేయడమే అనుకునేదాన్ని. ఇంత ఓపికగా, కామా దగ్గర, పదం దగ్గర ఆగి అడుగుతారని ఊహించలేదు.

మా సార్ మాత్రం ఆ సంతోషాన్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. "అది సిఫార్సే. ప్రభుత్వం ఒప్పుకోవాలని రూలేం లేదు" అన్నారు. పద్దెనిమిది రోజులు గడిచాయి.

ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. కలశం పెట్టి, తోరాలు కట్టుకుని, వాయనాలు ఇస్తున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. చూస్తే ఆఫీసు గ్రూపు: లోక్‌సభలో ఆదాయపు పన్ను బిల్లును ఉపసంహరించుకున్నారు. నా కాళ్లలో సత్తువ పోయినట్టయింది. ఐదు నెలలు కమిటీ చేసిన పని, ఆ సిఫార్సు అంతా పోయిందనుకున్నాను. పేరంటాలకు వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక లోపలికి వెళ్లి సార్‌కి ఫోన్ చేశాను. "కంగారు పడకు. అన్ని సవరణలు ఒక్కొక్కటిగా సభలో పెట్టే బదులు, అన్నీ కలిపి కొత్తగా రాసి సోమవారం తెస్తారు" అన్నారు. మరి ఆ కొత్తదాంట్లో మా లైను ఉంటుందా, పోతుందా? అది సోమవారం దాకా తెలియదు.

సోమవారం, ఆగస్టు 11. ఆఫీసులో సంసద్ టీవీ పెట్టుకున్నాం. బీహారు ఓటర్ల జాబితా సవరణ మీద ప్రతిపక్షం నినాదాలు చేస్తోంది. ఆ గోలలోనే ఆదాయపు పన్ను (నంబర్ 2) బిల్లును ప్రవేశపెట్టారు, అదే రోజు మూజువాణి ఓటుతో ఆమోదించారు. కొన్ని నిమిషాలే పట్టింది. క్లాజుల నంబర్లు వరసగా చదువుతూ పోయారు. 263 అన్నది ఎప్పుడు దాటిపోయిందో కూడా నాకు వినపడలేదు.

ఇది నాకు బాధ కలిగించింది, దాచుకోను. దేశంలో జీతం తీసుకునే ప్రతి మనిషినీ తాకే చట్టం. కమిటీలో నెలల తరబడి చూసిన చట్టాన్ని సభలో ఒక్క గంటైనా చర్చించి ఉండాల్సింది. నినాదాలు చేసినవాళ్లకూ కారణం ఉండొచ్చు, తొందరపడినవాళ్లకూ ఉండొచ్చు. కానీ ఆ పొద్దున వచ్చిన పాఠాన్ని ఆ రోజే ఆమోదిస్తే చదివేదెవరు? కమిటీ గదిలో ఆ ముప్పై ఒక్క మంది పని చేయకపోయి ఉంటే, ఆ అర లైను అలాగే చట్టమైపోయేది.

సాయంత్రం కొత్త బిల్లు పాఠం చేతికొచ్చింది. పాతదాన్ని పక్కన పెట్టుకుని వేలు పెట్టి చదివాను. జాబితాలో రీఫండు మాట లేదు. సార్‌ని కూడా చూడమన్నాను. ఆయన చూసి తలూపారు. అప్పుడు నమ్మాను.

మరునాడు రాజ్యసభ. అది ద్రవ్య బిల్లు కాబట్టి రాజ్యసభ దాన్ని మార్చలేదు, చర్చించి లోక్‌సభకు తిప్పి పంపుతుంది, అంతే. ఆ పని 12నే అయిపోయింది. ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అమల్లోకి రావడం మాత్రం 2026 ఏప్రిల్ 1 నుంచి. అప్పటికింకా నియమాలు, ఫారాలు రాయాల్సి ఉంది. అవి బయటికొచ్చినప్పుడు మళ్లీ చదవాలనుకున్నాను. ఈసారి మొదటి రోజే మొత్తం ప్రింట్ తీయించాలని కూడా.

మొత్తం మీద నాకైన ఖర్చు ప్రింట్లకు, పోస్టుకు, ఆటోలకు, రెండుసార్లు బస్సుకు కలిపి 1,500 దాటలేదు. రెండు శనివారాలు, నెల రోజుల రాత్రులు పోయాయి. ఎవరికైనా ఇలా రాయాలనిపిస్తే, బిల్లు కమిటీకి వెళ్లిన నెలలోపే రాయండి. జవాబు కోసం చూడకండి, నివేదిక కోసం చూడండి. కాగితానికి నకలు ఉంచుకోండి.

గెజిట్ వచ్చాక 263వ సెక్షన్ ఉన్న పేజీలు మాత్రం ప్రింట్ తీయించి, ఆదివారం పిన్ని ఇంటికి తీసుకెళ్లాను. ఆ జాబితా ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఇంగ్లీషు చదవలేదు కాబట్టి వేలితో కిందికి నడుపుతూ పోయి, "ఇక్కడేనా అది ఉండేది?" అని అడిగింది. అవునన్నాను. కాగితాలు నాలుగు మడతలు పెట్టి, డిపాజిట్ రసీదులున్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. "ఏప్రిల్ రాగానే బ్యాంకుకిచ్చే ఆ ఫారం గుర్తుచేయవే, ఈసారి అసలు కోయనివ్వద్దు" అంది. నా ఫోన్‌లో అప్పుడే అలారం పెట్టాను.